లారీ ఇంటికి కరెంటు

పాత బండి క్యాబిన్‌లో రాత్రంతా ఫ్యాను తిరగాలి, తెల్లారి సెల్ఫ్ అందుకోవాలి. మధ్యలో ఎక్కడా వైరు కాలకూడదు. మేళ్లచెరువు సిమెంటు లారీల సాక్షిగా, చక్రాల మీది ఇంటి వైరింగ్ కథ.

కోదాడ దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి వదిలి దక్షిణానికి మళ్లితే మేళ్లచెరువు వస్తుంది. కృష్ణ ఒడ్డు దాకా నేల కింద పరుచుకున్న సున్నపురాయి ఈ ఊరి తలరాత మార్చేసింది. శంభులింగేశ్వరుడి గుడికీ, శివరాత్రి జాతరలో ఎడ్ల పందేలకూ పేరుపడ్డ ఊరు సిమెంటు ఊరు కూడా అయింది. జగ్గయ్యపేట నుంచి మేళ్లచెరువు మీదుగా జాన్‌పహాడ్ వైపు రైలు పట్టాలు పడ్డాయి. అయినా బస్తా దుకాణం దాకా చేరాలంటే లారీయే దిక్కు. అందుకే ఫ్యాక్టరీల ముందు, రోడ్డు వారన, చెట్టు నీడ దొరికిన చోటల్లా లారీలు బారులు తీరి కనిపిస్తాయి. లోడింగ్ సీరియల్ వచ్చేదాకా కదలవు. ఒక్కోసారి ఒక పూట, ఒక్కోసారి రాత్రంతా.

అలా ఆగి ఉన్నంతసేపూ డ్రైవరుకు లారీయే ఇల్లు. సీటు వెనక పరుపు, దానిపైన దేవుడి పటం, కిటికీకి అడ్డంగా ఆరేసిన తువ్వాలు, ఇంజిను బోనెట్ పక్కన బియ్యం డబ్బా. విదేశాల్లో మోటార్‌హోమ్ అంటారే, మంచం, వంటగది, దీపాలు అన్నీ ఉండే బండి, అది మన దగ్గర సినిమా షూటింగుల్లో కారవాన్‌గానే ఎక్కువ మందికి తెలుసు. కేరళ 2021లో కారవాన్ పర్యాటకానికి ప్రత్యేక విధానం తెచ్చాక సొంత బండిలో ఊళ్లు తిరగాలన్న ముచ్చట ఇటువైపూ పాకింది. కానీ బండిలో కాపురం మనకు కొత్తేమీ కాదు. 1982లో ఎన్టీ రామారావు ఒక పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్పించుకుని, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే నెలల తరబడి రాష్ట్రమంతా తిరిగారు. ఆయన పడక ఆ వ్యానులోనే, ప్రసంగం దాని పైనుంచే. పాత ఇంజిను, దాని మీద ఆధారపడిన మైకులు, దీపాలు. ఆ బండి వైరింగ్ చూసుకున్న మేస్త్రీలకు ఎన్ని తిప్పలు వచ్చి ఉంటాయో ఊహించగలను.

కారవాన్ అయినా, చైతన్యరథమైనా, సిమెంటు లారీ అయినా కరెంటుతో వచ్చే చిక్కు ఒక్కటే. బండి వైరింగ్‌ను కంపెనీ తయారు చేసింది ఇంజిను తిప్పడానికి, రోడ్డు మీద దీపాలు వెలిగించడానికి. దాని మీద మనం ఒక ఇంటిని వేలాడదీస్తాం. ముందు ఫ్యాను, తర్వాత పాటల డెక్కు, తర్వాత ఫోన్ ఛార్జర్లు. దసరాకు ఆయుధపూజ నాడు బంపరు చుట్టూ రంగు లైట్లు. ఎవరు ఏది తగిలించినా దగ్గర్లో కనబడ్డ వైరును గోకి, మెలిపెట్టి, టేపు చుట్టేస్తారు. పదిహేనేళ్లు తిరిగిన లారీ డ్యాష్‌బోర్డు విప్పి చూడండి. అసలు వైరింగ్ ఏదో, తర్వాత కలిపింది ఏదో బండి ఓనరు చెప్పలేడు, డ్రైవరూ చెప్పలేడు.

బ్యాటరీ మీద నింద

ఊరి మొదట్లో ఒక ఎలక్ట్రీషియన్ షెడ్డు. రేకుల పందిరి కింద ఒక పాత ఆరు చక్రాల లారీ ఆగి ఉంది. డ్రైవరు కుర్రాడు విసిగిపోయి ఉన్నాడు.

"బ్యాటరీలు మార్చి మూడు నెలలు కూడా కాలేదన్నా. మళ్లీ సెల్ఫ్ అందుకోట్లేదు."

"బ్యాటరీ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. నువ్వెక్కి సెల్ఫ్ కొట్టు, నన్ను మీటరు చూడనీ."

మేస్త్రీ మల్టీమీటర్ నల్ల తీగను బ్యాటరీ నెగెటివ్ కొమ్ముకు ఆనించాడు. ఎర్ర తీగను ఇంజిను మీద, రంగు లేని బోల్టు తలకు నొక్కిపట్టాడు. కుర్రాడు తాళం తిప్పగానే సెల్ఫ్ ఒక మూలుగు మూలిగి ఆగింది. మీటరులో అంకె రెండు వోల్టుల దగ్గరదాకా లేచి పడిపోయింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా ఆ అంకె అర వోల్టు లోపే ఉండాలి. అంటే బ్యాటరీలో దమ్ముంది, ఆ దమ్ము సెల్ఫ్ మోటారు దాకా పోయి తిరిగి రావడానికి దారి సరిగా లేదు. మేస్త్రీ కింద దూరాడు. గేర్‌బాక్సుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే అల్లిక రాగి పట్టీ సగం పోగులు తెగి వేలాడుతోంది. దాన్ని పట్టుకున్న బోల్టు చుట్టూ సిమెంటు ధూళి వానకు తడిసి, ఎండకు గడ్డకట్టి రాయిలా అతుక్కుంది. స్క్రూడ్రైవరుతో ఆ పెచ్చు లేపాడు. కింద తుప్పు. ఇనుము తెల్లగా మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త పట్టీ వేసి, పైన గ్రీజు పూశాడు. మళ్లీ కొడితే అంకె పావు వోల్టు దాటలేదు. ఇంజిను ఒక్క దెబ్బకు లేచింది.

పాత బండ్ల జబ్బుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉంటుంది. బ్యాటరీ పాజిటివ్ నుంచి పోయే వైరును అందరూ చూస్తారు. తిరిగి వచ్చే దారి, అంటే ఛాసిస్, ఎర్తింగ్, పట్టీలు, వాటి బోల్టులు, ఎవరికీ పట్టదు. పెద్ద డీజిల్ ఇంజిను తిప్పడానికి సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. ఎర్తు దారి మూసుకుపోతే ఆ కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. ఒక్కోసారి యాక్సిలరేటర్ కేబులు, స్పీడోమీటర్ కేబులు వేడెక్కి పొగలు కక్కేది అందుకే. బ్రేకు తొక్కితే పార్కింగ్ లైటు వెలగడం, ఇండికేటర్ వేస్తే వెనక లైట్లన్నీ మిణుకుమిణుకుమనడం కూడా ఎర్తు జబ్బు లక్షణాలే. వీటికి కొత్త బ్యాటరీ కొనడం డబ్బు నేలపాలు చేయడమే.

మేళ్లచెరువు లాంటి చోట సిమెంటు ధూళి దీనికి ఆజ్యం పోస్తుంది. ఆ ధూళికి క్షారగుణం ఉంది. చెమ్మ తగిలితే గట్టిపడుతుంది. కనెక్టర్లలో దూరుతుంది, ఆల్టర్నేటర్ గాలి రంధ్రాల్లో పేరుకుంటుంది, బ్యాటరీ మూత మీద పొరలా పరుచుకుంటుంది. ఆ పొర తడిగా ఉన్నప్పుడు బ్యాటరీ రెండు కొమ్ముల మధ్య సన్నగా కరెంటు కారుతూనే ఉంటుంది. తినే సోడా కలిపిన నీళ్లతో, అవి మూతల్లోంచి లోపలికి దిగకుండా, పైభాగం కడిగి ఆరబెట్టి, కొమ్ములు బిగించాక వాజలీన్ రాయడం ఖర్చులేని పని. నెలకోసారి క్లీనరు చేసినా చాలు.

రాత్రి దొంగ ఎవరు?

సాయంత్రం బాగున్న బండి తెల్లారేసరికి చచ్చిపోతుంటే లోపల ఏదో కరెంటు తాగుతోందని అర్థం. దీన్ని పట్టుకునే పద్ధతి సులువు, ఓపిక కావాలి. అన్ని స్విచ్చులూ ఆపి, తాళం తీసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, ఆ సందులో మీటరును ఆంపియర్ల మీద పెట్టాలి. మీటరు అక్కడ ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు కాలిపోతుంది. కంప్యూటర్లు లేని పాత బండిలో 50 మిల్లీ ఆంపియర్లు మించి కనిపించకూడదు. ఒక ఆంపియరు చూపిస్తే రెండు రోజుల్లో 48 ఆంపియర్-అవర్లు పోయినట్టే. అప్పుడు ఒక్కో ఫ్యూజు పీకుతూ పోవాలి. ఏ ఫ్యూజు తీస్తే అంకె పడిపోతుందో దొంగ ఆ లైనులో ఉన్నాడు. అన్ని ఫ్యూజులూ తీసినా పడకపోతే ఆల్టర్నేటర్‌ను అనుమానించాలి. దానిలో ఒక డయోడు పాడైతే ఇంజిను ఆగాక కరెంటు వెనక్కి కారుతుంది. పగలంతా ఛార్జింగ్ కొట్టినట్టే ఉంటుంది, రాత్రి ఖాళీ అయిపోతుంది.

ఛార్జింగ్ సంగతి కూడా ఊహతో తేల్చేది కాదు. బండి ఆపి కొన్ని గంటలయ్యాక ఒక్కో 12 వోల్టుల బ్యాటరీ మీద 12.6 కనిపిస్తే నిండుగా ఉంది. 12.2 అంటే సగం. 24 వోల్టుల బండిలో ఇంజిను నడుస్తుంటే రెండింటి మీద కలిపి 27.5 నుంచి 28.5 మధ్య ఉండాలి. 29.5 దాటితే రెగ్యులేటర్ పాడైంది, దాన్నే మన మేస్త్రీలు కటౌట్ అంటారు. అప్పుడు నీళ్లు ఉడికిపోతాయి, బల్బులు తరచూ పోతాయి. ఆల్టర్నేటర్ కొమ్ము దగ్గర 28 ఉండి బ్యాటరీ దగ్గర 27 ఉంటే ఆల్టర్నేటర్ మంచిదే, మధ్యలో వైరో జాయింటో తినేస్తోంది. ఈ రెండు అంకెలు చూడకుండానే ఆల్టర్నేటర్ విప్పి రిపేరుకు పంపే అలవాటు మానాలి. ఒక ట్రిప్పు పోవడం అంటే ఓనర్-కమ్-డ్రైవరుకు ఆ నెల కిస్తీ మీద దెబ్బ.

ఒక బ్యాటరీ నుంచి దొంగచాటుగా

పెద్ద లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. బజారులో దొరికే డెక్కులు, ఫ్యాన్లు, ఛార్జర్లలో ఎక్కువ 12 వోల్టులవి. దాంతో మేస్త్రీలు తేలిక దారి పడతారు. రెండింటి మధ్యనుంచి ఒక వైరు లాగి, ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు తీసుకుంటారు. ఆ రోజుకు పని జరుగుతుంది. కానీ ఆల్టర్నేటర్‌కు ఈ సంగతి తెలియదు. అది రెండింటినీ కలిపి 28 వోల్టుల దాకా ఛార్జి చేస్తుంది. ఫ్యాను మోసిన బ్యాటరీ ఎప్పుడూ అరకొరగా నిండి, పలకల మీద సల్ఫేట్ గట్టిపడి చస్తుంది. రెండోది అవసరానికి మించి నిండి, నీళ్లు ఎగరగొట్టుకుని చస్తుంది. జంటలో ఒకటి పోయిందని ఒక్కటే కొత్తది వేస్తే ఆ కొత్తదీ పాతదాని దారే పడుతుంది.

దీనికి మందు 24 నుంచి 12కు దించే కన్వర్టర్. రెండు బ్యాటరీల నుంచీ సమంగా తీసుకుని సరిగ్గా 12 వోల్టులు ఇస్తుంది. ఒక బ్యాటరీ ధరతో పోలిస్తే దాని ఖరీదు తక్కువ. ఈ వ్యాసం చదివిన లారీ ఓనరు ఒక్క పని చేయదలిస్తే ముందు ఇది చేయమంటాను.

వైరు సన్నం, వేడి ఎక్కువ

సాగర్ ఎడమ కాల్వ చివరి ఆయకట్టు రైతుకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. తూము దగ్గర నిండుగా పారే నీళ్లు చివరి మడి చేరేసరికి ఎంత మిగులుతాయో అతనికి తెలుసు. వైరులో వోల్టేజీ అంతే. క్యాబిన్‌లో 10 ఆంపియర్లు లాగే సామాను ఒకటి, బ్యాటరీకి 5 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. పోను, రాను కలిపి 10 మీటర్ల వైరు. ఇంటి దీపాలకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే దారిలోనే ఒక వోల్టు పైగా పోతుంది. 12లో 10.8 మిగిలితే ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, చిన్న ఫ్రిజ్ అయితే అసలు మొదలవదు. అదే దూరానికి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది 0.3 వోల్టు. ఇంటికి వచ్చే 230 వోల్టుల్లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల్లో ఒకటి పోతే బండి కుంటుతుంది.

అంతకంటే ప్రమాదం జాయింటు. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు లారీ అదురుకు నెమ్మదిగా వదులవుతుంది. అక్కడ 0.05 ఓముల అడ్డు ఏర్పడిందంటే, 20 ఆంపియర్లు పారేటప్పుడు ఆ గోరంత చోటనే 20 వాట్ల వేడి పుడుతుంది. అది పుట్టేది ఎక్కడ? డ్యాష్‌బోర్డు లోపల, ఫోము, రెగ్జిన్, ప్లాస్టిక్ మధ్య. వెనక మనిషి నిద్రపోతుంటాడు. ఫ్యూజు దీన్ని ఆపదు, ఎందుకంటే పారే కరెంటు మామూలే. క్రింప్ చేసిన లగ్గులు, వేడికి ముడుచుకునే గొట్టం, సరైన కనెక్టరు, ఇనుప అంచు దాటే చోట రబ్బరు బుష్షు తప్ప దీనికి వేరే రక్ష లేదు. ఈ విషయంలో పిసినారితనం చూస్తే నాకు కోపం వస్తుంది. టైరుకు వేలు పెట్టే చెయ్యి లగ్గుకు పది రూపాయలు పెట్టడానికి వెనకాడుతుంది.

ఫ్యూజు గురించి కూడా గట్టిగా చెప్పాలి. అది కాపాడేది సామానును కాదు, వైరును. కాబట్టి అది సామాను దగ్గర కాక బ్యాటరీ దగ్గర, పాజిటివ్ కొమ్ముకు జానెడు దూరంలో ఉండాలి. వైరు ఎంత మోయగలదో అంతకు మించని ఫ్యూజు వేయాలి. కాలిపోయిన ఫ్యూజు చోట రాగి పోగు చుట్టడం, సిగరెట్ పెట్టె మెరుపు కాగితం దూర్చడం ఇప్పటికీ కళ్లబడుతూనే ఉన్నాయి. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. బస్సు కల్వర్టును ఢీకొట్టడంతో మొదలైన మంట అది, వైరింగ్‌తో పుట్టింది కాదు. అయినా కదిలే బండిలో నిప్పు అంటుకుంటే నిద్రలో ఉన్న మనిషికి ఎంత వ్యవధి దొరుకుతుందో ఈ దక్షిణ తెలంగాణకు ఆ రోజు తెలిసింది. బ్యాటరీ పెట్టె పక్కన చెయ్యి అందే చోట ఒక మెయిన్ కటాఫ్ స్విచ్, క్యాబిన్‌లో మంటలార్పే సిలిండరు లేకుండా లోపల పడుకోకూడదు.

ఇంటికి వేరే బ్యాటరీ

లోపాలన్నీ సరిచేశాకే కొత్తవి తగిలించడం. ముందు లెక్క వేసుకోవాలి. 20 వాట్ల ఫ్యాన్లు రెండు, పది గంటలు తిరిగితే 400 వాట్-అవర్లు. ఎల్ఈడీ దీపం, రెండు ఫోన్లు, కాసేపు పాటలు కలిపితే ఇంకో 150. రాత్రికి మొత్తం 550 అనుకుందాం. దీన్ని ఇంజిను బ్యాటరీల మీదే వేస్తే అవి కొన్నాళ్లు మోస్తాయి. కానీ సెల్ఫ్ కోసం చేసిన బ్యాటరీలో పలకలు పల్చగా ఉంటాయి. ఒక్క క్షణం బోలెడు కరెంటు ఇవ్వడం వాటి పని. రోజూ సగం దాకా దించితే నెలల్లోనే పోతాయి. వేసవిలో నల్లగొండ, సూర్యాపేట వైపు ఎండ 45 డిగ్రీలు తాకినప్పుడు వాటి ఆయుష్షు ఇంకా తరుగుతుంది. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ సీసం బ్యాటరీ జీవితం దాదాపు సగమవుతుందని లెక్క.

అందుకే క్యాబిన్ సామానుకు విడిగా ఒక బ్యాటరీ పెట్టుకోవడం మేలు. ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే రకం 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీని సగం దాకా వాడుకుంటే 900 వాట్-అవర్లు వస్తాయి. బరువు ఎక్కువ, పెట్టెలో గట్టిగా బిగించాలి, గాలి ఆడాలి. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి పడక కింద పెట్టి పక్కనే స్టవ్వు వెలిగిస్తే ప్రాణం మీదికి వస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే 100 ఆంపియర్-అవర్లదే వెయ్యి వాట్-అవర్లు ఇస్తుంది, బరువు చాలా తక్కువ. ధర ఎక్కువ. దాన్ని పాత ఆల్టర్నేటర్‌కు నేరుగా కలపకూడదు. ఖాళీగా ఉన్నప్పుడు అది అందినంత కరెంటూ లాగేసి ఆల్టర్నేటర్‌ను కాల్చేస్తుంది. మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి. సీసం బ్యాటరీ అయితే, దాని వోల్టులూ బండి వోల్టులూ ఒకటైనప్పుడు, కనీసం ఒక రిలే పెట్టి, ఇంజిను నడుస్తున్నప్పుడే రెండూ కలిసేలా, ఆపగానే విడిపోయేలా చేసుకోవాలి. రాత్రంతా ఫ్యాను తిరిగి ఇంటి బ్యాటరీ అడుగంటినా సెల్ఫ్ బ్యాటరీ జోలికి ఎవరూ పోరు.

క్యాబిన్ టాపు మీద 100 వాట్ల సోలార్ పలక ఒకటి వేస్తే మన ఎండకు రోజుకు దాదాపు 400 వాట్-అవర్లు రావచ్చు. సీరియల్ కోసం ఎండలో నిలబడ్డ సమయం ఇలా అక్కరకొస్తుంది. పలక మీది సిమెంటు ధూళిని పొడిగా ఉండగానే మెత్తటి కుంచెతో దులపాలి. మంచు తడి మీద గడ్డకడితే గీకక తప్పదు, గీకితే అద్దం చెడుతుంది.

కొత్త సామాను మోజులో ఇన్వర్టరు, ఇండక్షన్ స్టవ్వు దాకా పోయేవాళ్లున్నారు. 1000 వాట్ల స్టవ్వుకు 24 వోల్టుల వద్ద 45 ఆంపియర్లకు పైనే పోవాలి. ఆగిన బండి మీద నడిచే పార్కింగ్ ఏసీ 30 ఆంపియర్లు లాగినా ఎనిమిది గంటలకు 240 ఆంపియర్-అవర్లు. పాత బండి దీన్ని మోయదు. 2025 నుంచి కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. ఎంతో ముందే రావాల్సిన నిబంధన. ఇప్పటికే రోడ్డు మీదున్న పాత లారీలకు అది వర్తించదు, వాటిలో పడుకునేవాళ్లకు ఇంకా చాలా ఏళ్లు ఫ్యానే గతి. ఆ ఫ్యాను అయినా తెల్లవార్లూ తిరిగేలా చూడటం ఓనర్ల బాధ్యత. డ్రైవరు కళ్లలో నిద్ర ఉంటే రోడ్డు మీద అందరి ప్రాణాలూ దాని మీదే.

వ్యానునో మినీ బస్సునో పూర్తిగా ఇంటిలా మార్చుకోవాలనుకునేవారు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. రవాణా శాఖ అనుమతి, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు ఉండాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కు.

పని అంతా అయ్యాక మేస్త్రీకి కూలి ఇచ్చే ముందు ఒక కాగితం గీయించుకోండి. ఏ రంగు వైరు ఏ ఫ్యూజు నుంచి ఏ సామానుకు పోతోంది, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లది, ఎర్తు పట్టీలు ఎక్కడెక్కడ బిగించారు, కన్వర్టరు ఏ మూల ఉంది, మెయిన్ స్విచ్ ఎటు తిప్పితే ఆగుతుంది అన్నీ తెలుగులో రాయించి, లామినేషన్ చేయించి, డ్రైవరు తలుపు లోపలి వైపు అతికించండి. లారీ ఏళ్ల తరబడి ఒకే చేతిలో ఉండదు. మేళ్లచెరువులో విప్పిన వైరును రేపు విజయవాడ ఆటోనగర్‌లోనో మిర్యాలగూడలోనో వేరే మేస్త్రీ పట్టుకుంటాడు. అర్ధరాత్రి టార్చి వెలుగులో అతను మొదట చదివేది ఆ కాగితమే.